ఆఖరి చెయ్యి

మార్చి 4, సోమవారం

ఈ పుస్తకంలో ముందు వైపు పని రాస్తాను. ఏ బండి, ఏ జబ్బు, ఏం మార్చాను, అంతే. వెనక వైపు నుంచి ఈ రోజు మొదలుపెడుతున్నాను. ఇది ఎవరికీ చూపించడానికి కాదు.

పొద్దున పదింటికి ఒక వ్యాను దాన్ని తాడు కట్టి లాక్కొచ్చింది. ముందు గుర్తుపట్టలేదు, దుమ్ము అంతగా పేరుకుంది. ఎడమ తలుపు చూశాక తెలిసింది. ఆ తలుపు రంగు మిగతా ఒంటి రంగుతో కలవదు. టీచరమ్మ కారు. పదకొండేళ్ళయింది.

వ్యాను ముందు సీట్లోంచి ఒక అమ్మాయి దిగింది. ఇరవై ఏళ్ళుంటాయి. నడుస్తుంటే ఎడమకాలు కొంచెం వెనకబడి వస్తోంది. నేను కాలు వైపే చూడటం తను చూసింది.

"నమస్తే అంకుల్. టీచర్ గారి అమ్మాయిని. గుర్తున్నానా?"

"గుర్తులేకేం."

"అమ్మ ఒకటే మాట చెప్పి పంపింది. పెద్ద మేస్త్రీ చేతికే ఇవ్వు, చిన్న మేస్త్రీ చెయ్యి మాత్రం తగలనివ్వకు అంది."

"వాడిక్కడ లేడమ్మా. ఎప్పుడో పోయాడు."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "అయ్యో, ఎలా?"

"ఆ పోవడం కాదు. షెడ్డు వదిలేసి వెళ్ళిపోయాడు. శుభ్రంగానే ఉన్నాడు."

శుభ్రంగా ఉన్నాడో లేడో నాకేం తెలుసు? తమ్ముడి కబుర్లు మా ఆవిడకి తెలుస్తాయి. తోడికోడళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారని నాకు తెలుసు, నాకు తెలుసని మా ఆవిడకీ తెలుసు.

ఆ అమ్మాయికి ఊరి చివర నీళ్ళ శుద్ధి ప్లాంటులో ఉద్యోగం వచ్చిందట. వచ్చే ఒకటో తారీకు నుంచి పొద్దున ఆరింటికల్లా అక్కడుండాలి. ఆ వేళకి అటు బస్సు లేదు. ఈ కాలితో స్కూటరు కుదరదు. టీచరమ్మకి ఆ కారు రోడ్డెక్కడమే ఇష్టం లేదట. చివరికి మేనమామ మధ్యవర్తిత్వం చేసి తేల్చాడు: ఇరవై అయిదో తారీకులోగా నమ్మకంగా నడిస్తే సరి, లేదంటే తుక్కు లారీ వాణ్ణి పిలిచేస్తాను అని.

"నడుస్తుందా అంకుల్?"

"నడవకేం చేస్తుంది?" అన్నాను.

మార్చి 5, మంగళవారం

ట్యాంకులో పెట్రోలు వార్నిషు వాసన కొడుతోంది. మొత్తం దించి కడిగాను. బ్యాటరీ, టైర్లు, ఫిల్టరు కొత్తవి. గాలి గొట్టంలో ఎలుక గూడు. ఎలుకలకి ఈ కారంటే మొదట్నుంచీ ఇష్టమే.

మార్చి 7, గురువారం

స్టార్టయింది. రెండు తుమ్ములు తుమ్మి, కాసేపు వణికి, తర్వాత పాత రోజుల్లో లాగే మెత్తగా అందుకుంది. యాభై తొమ్మిదేళ్ళ వయసులో బండి స్టార్టయితే ఒళ్ళు పులకరించడం సిగ్గుచేటే, కానీ పులకరించింది.

ఇంట్లో భోజనం దగ్గర చెప్పాను. మా ఆవిడ "ఎవరి కారు?" అంది. చెప్పాను. మజ్జిగ గిన్నె నా ముందు పెట్టి లేచి వెళ్ళిపోయింది.

మార్చి 8, శుక్రవారం

బయటికి తీశాను. ఇరవై నిమిషాలు రాజాలా నడిచింది. పెద్ద రోడ్డు మలుపులో పెడలు నొక్కితే అందుకోలేదు. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు తటపటాయించింది. ఒకసారి, రెండోసారి, మూడోసారికి ఆగిపోయింది. తాళం తిప్పితే స్టార్టరు తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. పక్కకి తోయించుకుని నిలబెట్టాను. నలభై నిమిషాలు కూర్చున్నాను. చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

తాళం తిప్పగానే వెనక సీటు కింద పెట్రోలు పంపు 'జుమ్' అనాలి, రెండు సెకన్లు. అందో లేదో వినలేదు. రోడ్డు మీద లారీల మోత.

పదకొండేళ్ళు పడుకున్న బండి. ఏదైనా అవుతుంది.

మార్చి 9, శనివారం

ప్లగ్గులు మార్చాను. ఇరవై రెండు నిమిషాలకి ఆగింది.

మార్చి 11, సోమవారం

ఇంజెక్టర్లు కడిగాను. గాలి ఎక్కడైనా లీకవుతోందేమోనని సబ్బు నీళ్ళు కొట్టి చూశాను. లోపల వైరింగ్ అంతా విప్పాల్సిన పని లేదు, సీట్ల కింద చెడిపోయేది ఏమీ ఉండదు. తివాచీ ఎత్తితే మళ్ళీ పరచడం పెద్ద తలనొప్పి.

ఆ రోజు సంగతి ఒకసారి రాసేస్తే బుర్రలోంచి పోతుందేమో.

టీచరమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని వెళుతోంది. నాలుగు రోడ్ల కూడలి మధ్యలో బండి తటపటాయించి ఆగిపోయింది. ఎంత తిప్పినా స్టార్టవలేదు. ఎడమ వైపు నుంచి లారీ వచ్చింది. బ్రేకు వేశాడు పాపం, సరిపోలేదు. టీచరమ్మకి దెబ్బ తగల్లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల కాలు తలుపు కింద నలిగింది.

దానికి ఆరు రోజుల ముందు మా తమ్ముడు ఆ కారుకి పంపుకి కరెంటు అందించే రిలే మార్చి, మూడు వైర్లు సీసం పోసి సోల్డరింగ్ చేశాడు.

మా నాన్న కార్లకి సీట్లు కుట్టేవాడు. ఆయన షెడ్డులో ఒకటే రూలు. కుట్టు ఊడితే ఆఖరి చెయ్యి ఎవరిదో తప్పు వాళ్ళది. వాదనల్లేవు, సాకుల్లేవు. ఆయన పోయాక మేమిద్దరం రిపేరు షెడ్డు పెట్టుకున్నా రూలు అదే ఉంచాం. ఆ రూలు వల్లే మా షెడ్డుకి పేరొచ్చింది. ఎవరు చేసిన పనికి ఎవరు జవాబుదారో పుస్తకంలో రాసి ఉండేది.

ప్రమాదం జరిగిన మర్నాడు షెడ్డులో టీచరమ్మ తమ్ముడు, టైర్ల షాపాయన, బ్యాటరీ షాపాయన, ఇంకో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. వాళ్ళందరి ముందు అడిగాను.

"ఆఖరి చెయ్యి ఎవరిది?"

"నాది" అన్నాడు.

అంతే అన్నాడు. ఒప్పుకున్నాడు కదా. వాడి అతుకులు మూడూ కోసి పారేసి, కంపెనీ క్లిప్పులు వేసి, రెండు రౌండ్లు తిప్పి చూశాను. బాగానే ఉంది. టీచరమ్మ మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. గోడ పక్కన కవరు కప్పి పెట్టేసింది. తమ్ముడు ఆ వారంలోనే షెడ్డు వదిలేశాడు. నేను పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

మార్చి 13, బుధవారం

ప్లగ్గు వైర్లు కొత్తవి. మళ్ళీ ఆగింది. మళ్ళీ నలభై నిమిషాలు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు పొద్దున్నుంచీ పెట్రోలు బంకు వాణ్ణి తిడుతున్నాను.

మార్చి 14, గురువారం

అమ్మాయి వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుని నేను చేసేది చూస్తూ ఉంది. అడక్కుండానే టార్చి పట్టుకుంది. పట్టాల్సిన చోటే పట్టింది.

"చిన్న మేస్త్రీ ఇప్పుడేం చేస్తున్నారు అంకుల్?"

"పెయింట్ల షాపులో రంగులు కలిపే మిషను దగ్గర ఉంటాడు."

"బళ్ళు బాగుచెయ్యరా?"

"చెయ్యడు."

వాడు తన స్కూటరుకి ప్లగ్గు కూడా తను మార్చుకోడట, పక్క వీధిలో ఇచ్చి వస్తాడట. ఇది మా ఆవిడ ఎప్పుడో గోడతో చెబుతున్నట్టు చెప్పింది. అమ్మాయికి చెప్పలేదు.

"నేను హాస్పిటల్లో ఉన్నప్పుడు రోజూ వచ్చేవారు తెలుసా? బయట బెంచీ మీద కూర్చునేవారు. అమ్మ లోపలికి రానిచ్చేది కాదు. నాకు కిటికీలోంచి కనబడేవారు. నెల రోజులు వచ్చారు."

నాకు తెలియదు. నెల రోజులు పొద్దున్నే ఎక్కడికో వెళుతుంటే పని వెతుక్కుంటున్నాడనుకున్నాను.

"పాపం చేతులు చూసుకుంటూ కూర్చునేవారు" అంది.

టార్చి సరిగ్గా పట్టుకోమని కసిరాను. సరిగ్గానే పట్టుకుంది.

మార్చి 15, శుక్రవారం

ఈ బండికి ఆయువు తీరిపోయిందని చెప్పేద్దామనుకుంటున్నాను. దానికీ ఓ వయసుంటుంది. అమ్మాయికి ఏదైనా చిన్న కారు, మంచిది, నేనే దగ్గరుండి చూసి పెడతాను. టీచరమ్మకీ అదే మనశ్శాంతి. తుక్కు లారీ వస్తే బాధ వదిలిపోతుంది. అందరికీ మంచిది.

అందరికీ మంచిదని రాసి చాలాసేపు ఆ మాట చూస్తూ కూర్చున్నాను.

మార్చి 16, శనివారం

ఈ రోజు అమ్మాయిని కూడా ఎక్కించుకుని వెళ్ళాను. బండి ఆగిన చోటే వెనక సీటు మీద చెవి పెట్టి పడుకున్నాను. తాళం తిప్పమని అమ్మాయికి చెప్పాను.

జుమ్ లేదు.

మీటరు తీసి చూశాను. రిలే దగ్గర పన్నెండు వోల్టులు. ట్యాంకు దగ్గర నాలుగు. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క వైరు. డ్రైవరు సీటు కింద, తివాచీ అడుగు నుంచి వెళుతుంది.

పదకొండేళ్ళ కిందటి జబ్బు, అదే జబ్బు. తమ్ముడి అతుకులు ఇప్పుడు ఈ కారులో లేవు.

"దొరికిందా అంకుల్?"

"సోమవారం చూద్దాం" అన్నాను.

మార్చి 17, ఆదివారం

సెలవు. రాయడానికి ఏమీ లేదు.

మార్చి 18, సోమవారం

సీటు విప్పాను. తివాచీ ఎత్తాను.

వైర్ల కట్టలో ఎర్ర వైరు మీద జానెడు దూరం నల్ల టేపు. టేపు జిగురు ఎండిపోయి ఊడొచ్చింది. కింద దారం. మైనం పట్టించిన, సీట్లు కుట్టే గోధుమరంగు దారం. మూడు చుట్లు చుట్టి, నాలుగోది వెనక్కి తిప్పి లాగిన ముడి.

ఆ ముడి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు మా నాన్న. రెండో వాడికి ఆయన చెయ్యి పట్టుకుని నేర్పాడు. తమ్ముడికి నేర్పలేదు, వాడు నేర్చుకోలేదు. "అన్నయ్యా, ఇది వైరా, బొంతా? సీసం పొయ్యి బాబూ" అని నవ్వేవాడు. వాడు జీవితంలో ఒక్క వైరుని దారంతో కట్టలేదు.

దారం పక్కకి జరిపి చూశాను. మైనం ఎండకీ వేడికీ కరిగి ఎప్పుడో కారిపోయింది. ముడి వదులైంది. లోపల రాగి తీగలకి పచ్చటి చిలుము. చల్లగా ఉన్నప్పుడు అంటుకుని ఉంటాయి. బండి వేడెక్కితే వీడిపోతాయి. ఇరవై నిమిషాలు, ఇరవై రెండు నిమిషాలు.

అంతా గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అని ఎందుకు రాయాలి, మరిచిపోతే కదా. ప్రమాదానికి రెండేళ్ళ ముందు, ఎలుక వైరు కొరికిందని టీచరమ్మ సాయంత్రం పూట తీసుకొచ్చింది. స్కూల్లో ఏదో మీటింగు, త్వరగా కావాలంది. సోల్డరింగ్ ఐరన్ తమ్ముడు బయట పనికి తీసుకెళ్ళాడు. మెలిపెట్టి, దారం కట్టి, టేపు చుట్టాను. "రేపు తీసుకురండి, గట్టిగా చేసిస్తాను" అన్నాను. ఆమె తేలేదు. నేను అడగలేదు. తాత్కాలికం కదా అని పుస్తకంలో కూడా రాయలేదు.

పుస్తకంలో లేదు కాబట్టి ఆఖరి చెయ్యి తమ్ముడిదయింది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానని నవ్వుకోవచ్చు. కానీ నేను ఊరంతా తిరిగింది వెతకడానికి కాదు. తివాచీ ఎత్తాల్సిన పని లేదు, ఎత్తాల్సిన పని లేదు అని ఈ పుస్తకంలో నేనే రాసుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే.

మార్చి 19, మంగళవారం

షెడ్డు తెరవలేదు. తలనొప్పి అన్నాను.

మార్చి 20, బుధవారం

పది నిమిషాల పని. ఆ ముక్క కోసి, కొత్త వైరు వేసి, సీసం పోసి, తివాచీ పరిస్తే బండి మరో పదేళ్ళు నడుస్తుంది. అమ్మాయి సంతోషంగా పనికి వెళుతుంది. టీచరమ్మ 'పెద్ద మేస్త్రీ చెయ్యి పడితే అంతే' అంటుంది.

ముక్క కోశాను. కొత్త వైరు చేతిలోకి తీసుకున్నాను. వెయ్యలేకపోయాను.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి మా ఆవిడ ముందు ఆ ముక్క పెట్టి మొత్తం చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. పప్పు గిన్నె మీద మూత పెట్టి చెయ్యి తుడుచుకుంది.

"ఇది నాతో చెప్పాల్సింది కాదు కదండీ."

"వాడు నా ముఖం చూడడు."

"చూడడని మీరెలా చెబుతారు? మీరెప్పుడైనా చూపించారా?"

పెయింట్ల షాపు ఎక్కడో చెప్పింది. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో కూడా చెప్పింది. అంటే తను వెళ్ళి వచ్చింది.

మార్చి 21, గురువారం

షాపు పొడుగ్గా ఉంది. చివర్లో మిషను. డబ్బాని పట్టుకుని గడగడా ఊపుతోంది. దాని పక్కన తమ్ముడు. జుట్టు పలచబడింది. కళ్ళద్దాలు వచ్చాయి. గోళ్ళ చుట్టూ నీలం రంగు. నన్ను చూసి ముందు డబ్బాల వెనక్కి వెళ్ళబోయాడు. తర్వాత ఆగాడు.

"వదిన బాగుందా?"

"బాగుందిరా."

ఏం మాట్లాడాలో బస్సులో అంతసేపు అనుకుంటూ వచ్చాను.  జేబులోంచి వైరు ముక్క తీసి బల్ల మీద పెట్టాను. వాడు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ముక్కని దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది నాన్న ముడి."

"నేను కట్టింది."

"ఎక్కడిది?"

"టీచరమ్మ కారు. డ్రైవరు సీటు కింద. పంపు వైరు."

మిషను ఇంకా ఊగుతూనే ఉంది. అది ఆగాక వాడు డబ్బా దించి పక్కన పెట్టాడు.

"ఎప్పుడు కట్టావు?"

"ప్రమాదానికి రెండేళ్ళ ముందు."

"మరి నా అతుకులు?"

"కోసేశాను కదా."

"కోసే ముందు చూశావా? బాగున్నాయా, బాగాలేవా?"

"చూడలేదు."

"మీటరు కూడా పెట్టలేదా?"

"లేదురా."

వాడు తల ఊపాడు. కోపంతో కాదు. ఏదో లెక్క సరిపోయినట్టు.

"నేను రోజూ చేస్తాను అన్నయ్యా ఆ మూడు అతుకులూ. మనసులో. ఐరన్ వేడెక్కుతుంది, సీసం కరుగుతుంది, తీగలోకి పాకుతుంది. ఎక్కడ తప్పు చేశానో దొరకదు. పదకొండేళ్ళు వెతికాను. ఆ తప్పు కూడా కనబడనంత మొద్దు చెయ్యి నాది అనుకున్నాను. నువ్వు చూడకుండా అనవు కదా అని."

 బల్ల పట్టుకుని నిలబడ్డాను. వాడికి తెలిసి ఉంటే, నన్ను తిట్టుకుంటూ బతికి ఉంటే ఎంత బాగుండేది! వాడు తిట్టుకున్నది తన చేతుల్ని. నా మాట మీద వాడికి అంత నమ్మకం, ఆ మాట అనే ముందు ఒక్కసారి మీటరు పెట్టి చూడాలని కూడా నాకు అనిపించలేదు.

"తప్పు నాదిరా" అన్నాను.

"ఇక్కడ నాకు చెబితే ఏం లాభం? అడిగింది నలుగురి ముందు కదా."

ఎవరో గోడ రంగు కోసం వచ్చారు. వాడు కళ్ళద్దాలు దించుకున్నాడు.

"వెళ్ళు అన్నయ్యా. కస్టమర్లున్నారు."

వైరు ముక్క అడగలేదు నేను. వాడు చొక్కా జేబులో వేసుకున్నాడు.

మార్చి 22, శుక్రవారం

టీచరమ్మ కుర్చీ చూపించింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. దారం, ఎలుక, మీటింగు, పుస్తకంలో రాయకపోవడం, తమ్ముణ్ణి అడిగిన తీరు. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి వింది.

టీచరమ్మ గోడ వైపు చూసింది. రిటైరయింది కానీ ఆ చూపు మాత్రం రిటైరవలేదు.

"అతను నెల రోజులు ఆ బెంచీ మీద కూర్చున్నాడు. ఒకరోజు బిస్కెట్ ప్యాకెట్ తెస్తే నేను అతని కళ్ళ ముందే చెత్తబుట్టలో పడేశాను."

అప్పుడు నా వైపు తిరిగింది.

"నా కూతురి కాలి గురించి నేను మిమ్మల్ని ఏమీ అనను. అది తను అడగాలి."

అమ్మాయి అడగలేదు. "ఆ దారం చూపిస్తారా?" అంది.

"తమ్ముడి దగ్గర ఉందమ్మా."

"ఆ షాపు ఎక్కడ?"

చెప్పాను. నేను లేస్తుంటే, అంటే నిలబడే ఉన్నాను, కదులుతుంటే, టీచరమ్మ అంది:

"బండిని మీరు ముట్టుకోకండి. చిన్న మేస్త్రీ చేస్తానంటే చెయ్యనివ్వండి. ఆయన రానంటే సోమవారం తుక్కుకే."

మార్చి 23, శనివారం

టైర్ల షాపాయనకి చెప్పాను. "పాత సంగతులు ఇప్పుడెందుకు మేస్త్రీ, వదిలెయ్" అన్నాడు. వదిలెయ్యనని మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. బ్యాటరీ షాపాయన విని, లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయనే నయమనిపించింది. టీచరమ్మ తమ్ముడికి ఫోన్లో చెప్పాను. అప్పటి కస్టమర్లలో ఒకాయన పోయాడు. వాళ్ళబ్బాయికి చెప్పి వచ్చాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

సాయంత్రం దాకా షెడ్డు తెరిచే ఉంచాను. ఎవరూ రాలేదు.

మార్చి 24, ఆదివారం

తొమ్మిదింటికి వచ్చారు. ముందు అమ్మాయి, వెనక తమ్ముడు. చేతిలో గుడ్డ సంచి. సంచిలో వాడి పాత సోల్డరింగ్ ఐరన్. పదకొండేళ్ళు ఎక్కడ దాచాడో.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. షెడ్డులో ఎవరూ విడవరు. అది చూసి నాకు దుఃఖం ఆగలేదు. అటు తిరిగి స్పానర్లు సర్దాను, సర్ది ఉన్నవే.

నాతో మాట్లాడలేదు. కరెంటు ప్లగ్గు పాయింటు ఎక్కడుందో అడగలేదు, వెతకలేదు కూడా. వంగి, సీటు విప్పిన చోట కారులోకి దూరాడు. అమ్మాయి టార్చి పట్టుకుంది. ఐరన్ వేడెక్కింది. మొదటిసారి సీసం చుక్క జారి కింద పడింది. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"పర్లేదు మేస్త్రీ గారూ, నాకేం తొందర లేదు" అంది అమ్మాయి.

మళ్ళీ పట్టుకున్నాడు. నాకు వెనక నుంచి వీపు, మడమలు మాత్రమే కనబడుతున్నాయి. సీసం వాసన వచ్చింది. అతుకు అయ్యాక మీటరు పెట్టాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. తర్వాత డాష్‌బోర్డు కింద, వెనక సీటు కింద, ట్యాంకు దగ్గర ఒక్కో వైరు వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాడు. మధ్యాహ్నం మా ఆవిడ అన్నం పంపింది. తిన్నాడు. నేనూ అదే బల్ల మీద తిన్నాను. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. అదొక్కటే.

మూడింటికి తివాచీ పరిచి, సీటు బిగించి తాళం తిప్పాడు. జుమ్. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. నన్ను రమ్మనలేదు. గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలు. ఇరవై రెండు. గంటా పది నిమిషాలకి తిరిగొచ్చారు. వాడి చొక్కా చెమటతో తడిసిపోయింది. అమ్మాయి మాత్రం నవ్వుతోంది. కూడలి మధ్యలోంచి రెండుసార్లు తీసుకెళ్ళారట. తనే అడిగిందట.

వాడు సంచి సర్దుకున్నాడు. బల్ల మీద ఇంకో రెండు దారం ముక్కలు పెట్టాడు. మైనపు దారం, గోధుమరంగు.

"ఇంకో రెండు చోట్ల నీ దారం కనబడింది. అవీ తీసేశాను."

చెప్పులు వేసుకున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెనక్కి తిరిగి, గుమ్మం బయట నిలబడ్డ టైర్ల షాపాయన కూడా వింటుండగా, గట్టిగానే అన్నాడు:

"ఈ బండికి ఇప్పుడు ఆఖరి చెయ్యి నాది. ఏదైనా అయితే నన్నే అడగమను. పుస్తకంలో రాయి."

రాశాను. ముందు వైపు.

మార్చి 25, సోమవారం

పొద్దున ఏడింటికి అమ్మాయి ఫోన్ చేసింది. ప్లాంటు దాకా వెళ్ళి వచ్చిందట, ఎక్కడా ఆగలేదట. టీచరమ్మ వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకునే ఉందట, కానీ కూర్చుందట.

"థాంక్స్ అంకుల్."

"నాకు కాదమ్మా. తమ్ముడికి చెప్పు."

"ఆయన నంబరు ఇవ్వరా?"

ఆగమన్నాను. నా ఫోన్లో వాడి నంబరు లేదు. మా ఆవిణ్ణి అడిగాను. పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరక్కుండానే, ఏ పుస్తకమూ చూడకుండా, పది అంకెలూ గడగడా చెప్పింది.